గంప కింద గుంటనక్క

పొద్దున్నే లేచి నక్క ముఖం చూస్తే కలిసి వస్తుందని మా వైపు అందరూ నమ్ముతారు. ఆ నక్కకు పాలు పట్టి, అది పాడుచేసిన చోటు కడిగే మనిషికి ఏం కలిసి వస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు కలిసి వచ్చింది నడుంనొప్పి.

ఎండాకాలంలో పక్క చేను గట్టు చదును చేస్తుంటే జేసీబీ కింద గుంటనక్క బొరియ పడింది. తల్లీ, తక్కిన పిల్లలూ మట్టిలోనే పోయాయి. మిగిలిన ఒక్కదాన్ని మా ఆయన తువ్వాలలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. నా పిడికిలంత ఉంది. కళ్ళు అప్పుడప్పుడే తెరుస్తోంది. ఆ రోజంతా పత్తికట్టె పీకి, చేతులు బొబ్బలెక్కి, గడప మీద కూలబడి ఉన్నాను నేను.

"కోళ్ళున్న ఇంటికి నక్కను తెస్తారా ఎవురన్నా?" అన్నాను.

"ఇంటికి నడిసొచ్చిన అదృష్టం మ్మే. కాలితో తన్నాకు," అంది మంచం మీది నుంచి మా అత్త. అదృష్టం నడిచి రాలేదు, తువ్వాలలో వచ్చింది. దాన్ని సాకేది ఎవరో ఆ ఇద్దరికీ తెలుసు.

ఊరకుక్కలకు అందకుండా పెట్టే చోటు ఇంకేదీ కనబడలేదు. దొడ్లో బోడిమెడ కోడి ఒకటి అప్పుడే పిల్లల్ని లేపి ఉంది. రాత్రుళ్ళు తల్లినీ పిల్లల్నీ కలిపి పెద్ద గంప కింద మూసిపెట్టేదాన్ని. నక్కపిల్లనూ అందులోకే తోశాను. తెల్లారేసరికి ఎవరో ఒకరు చచ్చి ఉంటారని, అది చూడటానికి నాకు ఓపిక లేదని అనుకుంటూ పడుకున్నాను. పొద్దున గంప ఎత్తితే కోడి రెక్క కింద నుంచి బూడిదరంగు తోక ఒకటి బయటికి కనబడుతోంది. గుడ్ల మీద కూచుని కూచుని దానికీ విసుగు పుట్టినట్టుంది. ఎవరైతే ఏమిలే అని రెక్క ఎత్తింది.

నేను గుడ్డవత్తి పాలలో ముంచి చప్పరించేదాకా పట్టేదాన్ని. తర్వాత జొన్నరొట్టె పాలలో నానేసి పెట్టాను. మిడతలు తనే పట్టుకుంది. కోడి గింజ దొరికి పిలిస్తే, కోడిపిల్లలతో పాటు ఇదీ పరిగెత్తేది. అక్కడ తనకు పనికొచ్చేదేమీ లేకపోయినా సరే, పోయి వాసన చూసి వచ్చేది.

పిల్లలు ఎదిగాక తల్లికోడి వాటిని పొడిచి తరిమేస్తుంది, మళ్ళీ గుడ్లకు రావాలి కదా. మా బోడిమెడదీ అంతే, ఒక పొద్దున అన్నిటినీ తరిమి, నక్క ముక్కు మీద కూడా రక్తం వచ్చేలా పొడిచింది. అప్పటికి నక్క దానికన్నా పెద్దది. అయినా కుయ్యోమని నీళ్ళ డ్రమ్ము వెనక్కు దూరింది. కుక్కకు భయపడదు, మోటరుసైకిలుకు భయపడదు, మనిషికి అసలే భయపడదు. లోకంలో దానికి భయమంటూ ఉంటే ఆ ఒక్క కోడే.

మనిషి భయం పోగొట్టింది మా ఊరే. పత్తి వేసుకుని ఆదోని యార్డుకు పోయేవాళ్ళు, ఎమ్మిగనూరు సంతకు ఎద్దులు తోలేవాళ్ళు, బోరు పాయింటు పెట్టించేవాళ్ళు, అందరూ తెల్లవారక ముందే మా వాకిట్లో నిలబడేవారు.

"అక్కా, గంప ఎత్తు. బోరు ఏసేకి పోతాండాను."

ముఖం కూడా కడగకుండా పోయి గంప ఎత్తేదాన్ని. వాళ్ళు దండం పెట్టి బిస్కెట్ ముక్కో గుడ్డో దాని ముందు వేసేవారు. రోజూ దాని ముఖం చూసిన మా బోరులోంచి మాత్రం దుమ్మే వచ్చింది. ఆ మాట మా అత్త దగ్గర అంటే, చూసే పద్ధతి తెలియలేదంటుంది.

వానలు పడి బుడ్డల చేలు, అదే వేరుశనగ చేలు, ఏపుగా లేచాక దాన్ని వదిలేద్దామనుకున్నాను. వంక దాటించి వస్తే నాకన్నా ముందే ఇల్లు చేరింది. రాత్రి చేలల్లో తిరిగి, తెల్లారేసరికి తన ముఖం చూపించడానికి వాకిట్లో బండ మీద కూర్చునేది. ఫారెస్టు వాళ్ళకు చెబుదామంటే కేసు పెడతారని మా ఆయనకు భయం.

ఆదోనిలో బోరు లారీలు తిప్పే ఆసామి ఒకాయన ఆ మధ్య వచ్చాడు. నక్క ఆయన వేళ్ళు నాకింది.

"ఇనుప గూడు సేయించినానమ్మా. రేపు బండి తెస్తా. పొద్దున లేస్తానే నా కండ్ల ముందర ఉండల్ల ఇది."

మా ఆయన తల గోక్కున్నాడు. ఆసామి వెళ్ళాక అన్నాడు, "పెద్దమనిషి. కాదనేకి నాతో కాదు."

"నువ్వు కాదనొద్దు. బండి తియ్యి, సాలు."

బొరియలో పుట్టింది, గూట్లో చావాలా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నెలల చాకిరీలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. నక్కను గోనెసంచిలో వేశాను. ఇంకో చిన్న గంపలో బోడిమెడ కోడిని పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. మా ఆయన బండి తీశాడు. సాయంత్రానికి గోనెగండ్ల వైపు గుట్టల దగ్గర దిగాం.

సంచి విప్పితే నక్క నాలుగు దిక్కులా వాసన చూసి, వచ్చి నా పాదాల మీద పడుకుంది. పొమ్మని అరిచాను. మట్టి విసిరాను. ఆట అనుకుని వెల్లకిలా తిరిగి పొట్ట చూపించింది. అప్పుడు గంప మూత తీశాను.

కోడి దాన్ని చూసీ చూడగానే మెడ చాచి ఉరికింది. నక్క లేచి పరుగో పరుగు. ఒక బండ దగ్గర ఆగి నా వైపు చూసింది. కోడి మళ్ళీ వెంటపడింది. అది కంపచెట్లలోకి దూరిపోయింది. పని తగ్గిందని సంతోషపడాల్సింది పోయి, నిలబడ్డచోటే ఏడ్చాను.

రొప్పుతున్న కోడిని పట్టుకుని గంపలో పెట్టి, నోరు మూసుకుని కూచుంటుందని ఇన్ని జొన్నలు వేశాను. అదే పొరపాటు. గింజలు కనబడగానే పిల్లల్ని పిలిచే అలవాటు దానికింకా పోలేదు. కొక్కొక్కొక్ అని పిలవడం మొదలుపెట్టింది. కంపచెట్ల మొదట్లో ఆకులు కదిలాయి.

గంపలో చెయ్యి పెట్టి దాని ముక్కును రెండు వేళ్ళతో మూసి పట్టుకున్నాను. బండి తియ్యమని మా ఆయనతో అన్నాను. గుట్ట కనుమరుగయ్యేదాకా నేను వదల్లేదు.