సిల్తారాలో తెల్ల కాగితం

పాత తెలుగు కామిక్స్ సేకరిస్తానని తెలిసి, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఈ రోజు నన్ను హిందీ మాట్లాడే ఫ్యాక్టరీల ఊరు సిల్తారాలోని తన ఇంటికి పిలిచారు. ఆయన చేతికిచ్చిన పుస్తకం తెరవగానే నాకు అనుమానం వచ్చింది. ముప్ఫై ఏళ్ల నాటి కాగితం ఈపాటికి టీ రంగుకు తిరగాలి. పైగా అక్కడ పొద్దున ఆరేసిన చొక్కా ఫ్యాక్టరీల మసికి సాయంత్రానికి నల్లబడుతుంది. ఇదేమో నిన్న అచ్చేసినట్టుంది. వాసన చూశాను, మూల వంచాను, పిన్నుల తుప్పు గీకి చూశాను. అన్నీ పాతవే. అయినా నమ్మబుద్ధి కాలేదు.

"బాబాయిగారూ, నిజం చెప్పండి, దీనికి బ్లీచింగేమైనా పెట్టారా?" అని అడిగేశాను.

ఆయన కోప్పడలేదు. "శక్ పడకు బాబూ. పిల్లలకి తెలుగొస్తుందని విజయనగరం వెళ్లినప్పుడు తెచ్చాను. వాళ్లు హిందీ స్కూల్లో చదివారు కదా, ఒక్కరూ ముట్టుకోలేదు. కవర్ తియ్యకుండా పెట్టెలోనే ఉండిపోయింది" అన్నారు.

నా నోట్‌బుక్‌లో 'పేజీలు: మొదటి రకం' అని రాసుకున్నాను. ఇంటికొచ్చి బీరువా తెరిచాను. నేను కవర్లేసి దాచినవన్నీ తెల్లగానే ఉన్నాయి. వాటిలో మా అమ్మాయి చదివింది ఒక్కటీ లేదు.

మీ ఇంట్లోవి ఏ రంగులో ఉన్నాయో చూసి చెప్పండి.