నర్సింగం కాక ఆపిన బండి

నాకు నోరెక్కువని మా అమ్మ సుబ్బలక్ష్మి చిన్నప్పటినుంచీ అంటూనే ఉంది. ఆ నోరు ఒక్కసారి మూయించి, నా ఉద్యోగాన్నీ ఒక డ్రైవరు ప్రాణాన్నీ నిలబెట్టిన మనిషి నర్సింగం కాక.

ఆయన పందొమ్మిదేళ్లకు బొగ్గుబాయిలో దిగి ఫిట్టరుగా రిటైరైనవాడు. రెండు నెలలు ఇంట్లో కూర్చునేసరికి ఆయన భార్య మల్లక్కకు తల బొప్పి కట్టింది. ఆమే తరిమితే గోదావరిఖని శివారులో బొగ్గు మోసే డంపర్లు బాగుచేసే ఒక ప్రైవేటు షెడ్డులో చేరాడు. చక్రాల బోల్టులు బిగించడం ఆయన పని. పొడుగాటి పానాకు ఇనుపగొట్టం తొడిగి, ఒళ్లంతా దానిమీద వేసి బిగించేవాడు.

2012 ఎండాకాలంలో ఆ షెడ్డుకు కరెంటుతో బోల్టులు బిగించే మిషను వచ్చింది, దాని వెనకే నేను. మా నాన్న కోస్తా నుంచి బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీకి వచ్చాడు, నేను అక్కడే పుట్టాను. తెలంగాణ ఉద్యమం రోజులు కదా, మాలాంటి ఇళ్లవాళ్లు నెమ్మదిగా మాట్లాడేవాళ్లు, నేను తప్ప. ఎంత బలంతో బిగించాలి, ఎంత వేగంతో తిరగాలి, ఎక్కడ ఆగాలి అని మిషనుకు అంకెలు పెట్టడం నా పని. లెక్క కుదిరితే పచ్చ బత్తి, లేకపోతే ఎర్ర బత్తి.

మేనేజరు జగదీశ్వర్ గారు మొదటిరోజే అందరి ముందూ తేల్చేశారు. నెలరోజుల్లో మిషను కుదురుకుంటే నా ఉద్యోగం ఖాయం, నర్సింగం కాక ఇంటికి. కుదరకపోతే నేనే ఇంటికి. కాక తల వంచుకుని విన్నాడు. నేనూ విన్నాను గానీ ఆయన ముఖం చూడలేదు.

మూడోవారం మొట్టమొదటిగా బుచ్చన్న నడిపే డంపరు చక్రాలన్నీ మిషనుతో బిగించాం. అన్నీ పచ్చ బత్తులే. బుచ్చన్న బండి స్టార్టు చేశాడు. అప్పుడు కాక వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"బత్తి పచ్చగనే ఉన్నది బిడ్డా. నట్టు మాత్రం జర ఎక్కువ తిరిగింది. బండి పోనియ్యకు."

నాకు ఒళ్లు మండింది. పుస్తకం చూసి పెట్టిన అంకెను కంటితో కొలుస్తావా అని నలుగురిలో అనేశాను. ఆయన పానా అందుకున్నాడు. ఒక బోల్టు ఊడదీసి కొత్త బోల్టు పక్కన పెట్టాడు. మేం బిగించింది సాగి, మెడ దగ్గర సన్నబడి ఉంది. అవే బోల్టులతో ఆ బండి నిండా బొగ్గుతో ఓపెన్‌కాస్టు గని వాలులో తిరిగేది, అవి తెగితే చక్రం ఊడిపోయేది. నా నోరు పడిపోయింది.

కొత్త బోల్టు ఎక్కించేముందు ఆయన దాని చుట్టూ ఉన్న మరలకు నూనె రాస్తుంటే కారణం బయటపడింది. బొగ్గు దుమ్ముకూ వానకూ తుప్పుపట్టి మళ్లీ ఊడిరావని ఆ షెడ్డులో ప్రతి బోల్టుకూ నూనె రాస్తారు. నా పుస్తకంలోని అంకె పొడి మరలకు. నూనె ఉంటే నట్టు సులువుగా జారి, అదే బలానికి బోల్టును మరింత లాగేస్తుంది. కూరలో ఉప్పు వేశామని ఎవరు చెబుతారు? వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

బోల్టుల కంపెనీకి ఫోను చేసి నూనె రాసిన మరల అంకె తెలుసుకుని బలం తగ్గించాను. కాక నట్టుమీద సుద్దగీత గీసి, బిగువు తగిలాక అది ఎంత తిరగాలో చూపించాడు. అంతకు మించితే ఎర్ర బత్తి వచ్చేలా హద్దు పెట్టాను. బోల్టులన్నీ మార్చేసరికి మధ్యాహ్నమైంది. సగం షిఫ్టు పోయిందని బుచ్చన్న వెళుతూ తిట్టాడు, తిరిగొచ్చీ తిట్టాడు. ఆ తిట్లు నాకు ఎంత చల్లగా ఉన్నాయో.

తప్పెవరిదని జగదీశ్వర్ గారు అడిగితే, నూనె సంగతి తామే చెప్పలేదని కాక తనమీద వేసుకున్నాడు. నేను కాదంటున్నా వినలేదు.

నెలాఖరుకు మిషను కుదురుకుంది. కాకను ఉంచమని జగదీశ్వర్ గారిని రెండుసార్లు బతిమాలాను. కుదరదన్నారు. ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. మల్లక్క చాయ్ ఇచ్చింది. ఆ రోజు మాట్లాడకుండా ఉంటే నీ పని నీకుండేది కదా కాకా అని అడిగాను.

"ఉండేది బిడ్డా. బుచ్చన్న పెండ్లానికి నేనేం చెప్పాలె?"

నేను లేచి ఆయన కాళ్లకు దండం పెట్టాను. నా ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష.