ముందు కట్టాల్సిన పాడ్

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి కూర్చుంటే, పక్క సీట్లో ముప్పై దాటిన ఒకావిడ ఫోన్లో అంతరిక్ష నౌక కడుతోంది. విడిభాగాలు జోడించి నౌకను ఎగరేసే ఆ ఆట నేనూ అప్పటికి మూడు నెలలుగా ఆడుతున్నాను. ప్రమాదంలో వ్యోమగాములు తప్పించుకునే చిన్న గదిలాంటి పాడ్ మాత్రం నాకు కుదరలేదు. నౌక నుంచి విడిపోగానే ఏదో భాగానికి తగిలి పగిలిపోయేది.

ఆమె ఆకాశంలో ఇంజన్‌ను కావాలనే పేల్చింది. పాడ్ విడివడి, పారాచూట్ విప్పుకుని మెల్లగా నేల మీద దిగింది. నాకు కడుపు మండింది.

"ఎట్ల చేసినవమ్మా?" అని అడిగాను.

"ముందుగల్ల పాడ్‌నే కడ్త సార్. అది బయటపడే తొవ్వ ఇడిచిపెట్టి, మిగిలిందంత దాని సుట్టు పేరుస్త."

పత్రిక డెస్కులో పాతికేళ్లు పేజీలు పెట్టించినవాణ్ణి. పెద్ద వార్తలన్నీ సర్దాక, మిగిలిన సందులో చిన్నదాన్ని ఇరికించడం నాకు అలవాటు. పాడ్‌నూ అలాగే ఇరికించేవాణ్ణి.

"మీరు గూడ ఆడుతరా సార్? నేర్పాల్నా?" అంది ఉత్సాహంగా.

"ఇవన్ని చిన్నపిల్లల ఆటలు గదమ్మా" అన్నాను.

"మా ఇంటాయన గూడ గట్లనే అంటడు సార్. బీడీలు జేసే చేతులకు రాకెట్లేందే అని." నవ్వి, ఫోను సంచిలో పెట్టేసింది. ఎల్లారెడ్డి దాకా మళ్లీ తీయలేదు.

ఇప్పుడు నేనూ పాడ్‌నే ముందు కడుతున్నాను. నా ముగ్గురు వ్యోమగాములూ ప్రతిసారీ క్షేమంగా దిగుతున్నారు. ఎవరు నేర్పారని మనవరాలు అడిగితే, నేనే కనిపెట్టానని చెప్పాను.