మట్టయ్య చేతి నునుపు

మా సరూర్‌నగర్ గల్లీ నుంచి ఎల్బీనగర్ రోడ్డెక్కే మూల మీద మట్టయ్య షెడ్డు ఉంది. దాని కప్పుకు ఇంజన్ల క్రాంకులు వేలాడుతుంటాయి. క్రాంకంటే ఏమిటో మొదట్లో నాకు తెలియదు. తెలియనిది ఇంటి పక్కనే ఉంటే నిద్ర పట్టదు కనుక పోయి అడిగాను.

"కుట్టుమిషన్ తొక్కుతవు గద అక్కా. నీ కాలు కిందికి మీదికి పోతది, చక్రమేమో గుండ్రంగ తిరుగుతది. నడుమ వంకర కడ్డీ ఉంటది చూడు, గదే ఇంజన్ల క్రాంకు," అన్నాడు.

పండబెడితే తన బరువుకు తానే వంగుతుందట. అందుకని నిలువుగా వేలాడదీస్తాడు. గాలి తగిలితే అవి కదిలీ కదలనట్టు తిరుగుతాయి. వాటి కింద బల్ల మీద కూర్చుంటే చెరువు అడుగున కూర్చున్నట్టు ఉంటుంది.

మట్టయ్యది పెద్ద అంబర్‌పేట. చిన్ననాడే ఒక ఉస్తాద్ దగ్గర చేరి, అరిగిన క్రాంకులను సాన పట్టి నునుపు చేసే పని నేర్చుకున్నాడు. నలభై ఏళ్లుగా లారీలు, ట్రాక్టర్లు, జీపులు అతని చేతి మీదుగానే రోడ్డెక్కాయి. పని అయ్యాక బొటనవేలి గోరు ఆనించి చూస్తాడు. గోరు ఎక్కడా తట్టుకోకపోతేనే ఇస్తాడు.

అలాంటి మనిషి పేరు పోయే రోజు వచ్చింది. అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది. చైతన్యపురిలో ఉండే వంశీకృష్ణ అనే పిల్లవాడు ఒక పాత జపాను కారు కొన్నాడు. వాళ్లది గుంటూరు వైపు. ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే యంత్రం ఒకటి తగిలించి, మామూలు బండికి రెండింతలు ఉరికేటట్టు చేశాడు. క్రాంకు అరిగింది. మట్టయ్య సాన పట్టి ఇచ్చాడు. రెండు నెలలకే మళ్లీ అరిగింది. ఇంకోసారి పట్టాడు. నెలకే వచ్చింది. క్రాంకు చుట్టూ చిప్పల్లాంటి పలుచని బేరింగులు ఉంటాయి. అవి గీతలు పడి, పిల్లులు రక్కినట్టు ఉన్నాయి.

సాన పట్టిన ప్రతిసారీ క్రాంకు కొంచెం సన్నబడుతుంది. పది, ఇరవై, ముప్పై అని సైజులు. ముప్పై దాటితే దానికి బేరింగులు దొరకవు, తుక్కు కింద వేయాల్సిందే. ఇప్పుడు మిగిలింది ఆ ముప్పై ఒక్కటే.

చాయ్ హోటల్ దగ్గర వంశీ స్నేహితుడు కార్తీక్ అననే అన్నాడు: "ఇప్పుడు మన బండ్లంటే వాళ్లకి పడదురా. కావాలనే గరుకుగా వదిలేస్తున్నాడు."

ఆ మాట మట్టయ్య చెవిన పడింది. ఆ పూట అన్నం గిన్నె మూత తీయలేదు.

"లారీ ఎవ్వలిదని నలభై ఏండ్ల సంది అడగలె. క్రాంకు ఏ ఊరోళ్లదో నా చెయ్యికెట్ల తెలుస్తదక్కా?" అన్నాడు. గిన్నె పక్కకు జరిపి, "గీసారి గిన అరిగితే ఇగ షెడ్డు తియ్య," అన్నాడు.

ముప్పై సైజుకు సాన పట్టడమూ నునుపు చేయడమూ అయిపోయాయి. మర్నాడు ఇచ్చేయాలి. ఆ మధ్యాహ్నం బంద్, కరెంటూ లేదు. బస్సులు నడవక పదిహేను రోజులు దాటింది. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి డప్పుల చప్పుడు గాలితో వచ్చి, గాలితోనే పోతోంది. బల్ల మీద కూర్చున్నదాన్ని అట్లాగే కునికాను.

కలలో చెరువు వెనక మా జొన్నచేను. నేను చిన్నపిల్లను. ఆకుల మీద చెయ్యి ఆనించుకుంటూ మొదలు నుంచి కొసకు దువ్వుతూ పోతున్నాను. పట్టులాగా ఉన్నాయి. ఎవరో పిలిచారు. వెనక్కి తిరిగి, చెయ్యి ఎదురు దువ్వాను. అరచెయ్యి భగ్గుమంది.

మెలకువ వచ్చాక అరచేతిని చూసుకున్నాను. ఏమీ లేదు. ఎదురుగా వంశీ క్రాంకు వేలాడుతోంది. లేచి పోయి, నూలు చీర కొంగుతో దాని మెడను, బేరింగు కూర్చునే చోట, ఒకవైపుకు తుడిచాను. జారిపోయింది. రెండోవైపుకు తుడిచాను. కొంగులో పోగు లేచింది.

"మట్టయ్యా, దీనికి జొన్నాకు లెక్క రంపపు పండ్లున్నయి."

"ఉంటయక్కా. కండ్లకు గనపడయి. తిరిగే దిక్కుకు ఎదురు నిలవకుంటె ఏం గాదు."

"మరి గిది ఎటు తిరుగుతది?"

"కుడికే. ఇంజన్లన్ని కుడికే తిరుగుతయి."

"చూసినవా?"

"సూర్యుడు ఎటు పొడుస్తడో రోజూ చూస్తమా?"

చూడనిది నమ్మడం నాకు చేతకాదు. మా గల్లీలోనే త్రినాథరావు గారికి వంశీది లాంటి జపాను కారే ఉంది. మట్టయ్యను చెయ్యి పట్టి లాక్కుపోయాను.

"బంద్ రోజు ఎక్కడికండీ భారతమ్మగారూ ప్రయాణం?" అన్నారాయన.

"యాడికి లేదు సార్. జర స్టార్ట్ చేసి బంద్ చెయ్యుండ్రి, గంతే," అన్నాను.

మట్టయ్య బెల్టు చక్రం మీద సుద్దతో గీత గీశాడు. త్రినాథరావు గారు తాళం తిప్పారు. సుద్దగీత ఎడమకు పోయింది. మళ్లీ తిప్పించాడు. ఎడమకే. మూడోసారికి మట్టయ్య ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయాడు.

ఉస్తాద్ నేర్పిన దిక్కుకే నలభై ఏళ్లు, నునుపు చేసే గరుకు పొడి అంటించిన ఎమరీ గుడ్డ పట్టాడు. అతని చేతికి వచ్చిన లారీలన్నీ ఆ దిక్కువే. ఈ బండి ఒక్కటి ఎదురు. మెల్లగా తిరిగే సాదా ఇంజనైతే ఆ కనపడని పళ్లను కొన్నాళ్లు ఓర్చుకునేదేమో. బలం పెంచిన ఇంజన్‌లో అవి కొడవళ్లయ్యాయి.

దారిలో నేనే అన్నాను: "ఎవ్వలికి చెప్పకు. ఎదురు తిప్పి మల్ల నునుపు జేసి ఇచ్చెయ్. ఎవ్వలకు తెల్వది."

"నీకు తెలిసె గద."

"నేను నోరు మూసుకుంట."

"నువ్వా?" అన్నాడు. ఆ నెలలో అతను నవ్వడం అదే మొదలు.

షెడ్డు వైపు తిరగకుండా నేరుగా చైతన్యపురికి నడిచాడు. నేను ఆగుతానా, వెంట పోయాను. బండ్లు లేని విజయవాడ రోడ్డు ఏరు ఎండిపోయినట్టు వెడల్పుగా ఉంది. నడిమధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మా ఇద్దరి నీడలు మాకన్నా ముందు నడుస్తున్నాయి.

వంశీ ఇంటి ముందు ఇంజన్ లేని కారు. పక్కనే కార్తీక్.

"బాబూ, మీ ఇంజన్ ఎడమకు తిరుగుతది. నేను కుడికనుకొని పాలిష్ పట్టిన. రెండుసార్ల తప్పు నాదే," అన్నాడు మట్టయ్య.

"అంటే మీ వల్లే పోయిందా?" అన్నాడు కార్తీక్.

"నా వల్లనే. కావాలని మాత్రం గాదు."

కార్తీక్ చెప్పుల వైపు చూసుకున్నాడు.

"క్రాంకు విజయవాడ పంపించెయ్యమంటున్నారు బాబాయ్ మా నాన్న," అన్నాడు వంశీ.

"పంపు బాబు. ఎటు తిరుగుతదో చీటీ రాసి కట్టు. లేకుంటే గాయన గూడ గిట్లనే జేస్తడు."

వంశీ అతని ముఖంలోకి చూశాడు. "వద్దులే బాబాయ్. మీ దగ్గరే ఉండనివ్వండి. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పండి, నేనూ వచ్చి చూస్తా."

మర్నాడు పదకొండింటికి కరెంటు వచ్చింది. మిషన్ ఒక దిక్కుకే తిరుగుతుంది కనుక మట్టయ్య క్రాంకును తలాతోకా మార్చి మిషన్‌కు బిగించాడు. బిగించేటప్పుడు అతని చెయ్యి రెండుసార్లు దాన్ని పాత వైపుకే తిప్పబోయి ఆగింది. నునుపు చేయడం అయిపోయాక నా కొంగు అడిగాడు. బేరింగు ఒరుసుకునే దిక్కున ఎక్కడా పోగు లేవలేదు.

సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. వంశీ బండి వెయ్యి కిలోమీటర్లు నడిచాక ఇంజన్ అడుగు విప్పి చూశాం. బేరింగు చిప్పలు తెల్లవారుజాము చెరువులాగా, ఒక్క గీత లేకుండా, బూడిదరంగులో ఉన్నాయి. మట్టయ్య వాటిని తిప్పి తిప్పి చూసి కార్తీక్ చేతిలో పెట్టాడు.

"క్షమించండి బాబాయ్," అన్నాడు ఆ పిల్లవాడు, వినపడీ వినపడకుండా.

అంతా బిగించాక వంశీ మమ్మల్ని పెద్ద అంబర్‌పేట దాకా తీసుకుపోయాడు. బండి నేలను తాకుతోందా లేదా అన్నట్టు పోతోంది. బస్సెక్కినా ఆటో ఎక్కినా మట్టయ్య చెవి ఇంజన్ మీదే ఉంటుంది, ఎక్కడ ఏం కొట్టుకుంటుందోనని. ఆ రోజు హయత్‌నగర్ దాటకముందే అతని తల కిటికీకి ఆనింది. అతని ఊరు వచ్చింది. లేపబుద్ధి కాక వంశీ బండి ఆపలేదు, మెల్లగా వెనక్కి మళ్లించాడు. మట్టయ్య నిద్రపోతూనే ఉన్నాడు.