స్క్రూ మీద ఎర్ర చుక్క

మా చెల్లెలి భర్తను టాక్సీ స్టాండులో అందరూ తాళాలాయన అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన కారు పెట్రోలు టాంకు మూతకు తాళం, బానెట్‌కు గొలుసు, డిక్కీలో స్టెప్నీకి ఇంకో గొలుసు. తాళంచెవులన్నీ నడుముకు కట్టుకుని తిరుగుతాడు కాబట్టి మనిషి కంటే ముందు గలగల వస్తుంది. టీ తాగుతూ మధ్యలో లేవాల్సి వస్తే గ్లాసు చేత్తో పట్టుకునే లేస్తాడు. అందులో ఎవరో ఏదో కలుపుతారని కాదట, తాగేస్తారనట.

ఆయన గురించి నేనే రాయాలి. ఎందుకంటే ఆయన అనుమానం దెబ్బ తిన్నవాళ్లలో నేనే పెద్దవాణ్ణి. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. మీసాలు రాకముందే మా మేనమామ పాత రేడియో విప్పి మళ్లీ పలికించాను. ఆ తర్వాత పెద్ద పెద్ద ఆఫీసర్ల కార్ల రేడియోలు నా బల్ల మీదకు వచ్చాయి. పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు చేతులెత్తేసిన సెట్టును ఒక్క పూటలో మాట్లాడించాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇవాళ సొంత షాపులు పెట్టుకుని నా పేరే చెప్పుకుంటున్నారు. గొప్పకు చెప్పడం లేదు, జరిగిందే చెబుతున్నాను.

మా బావకు అనుమానం పుట్టుకతో రాలేదు. చిన్నప్పుడే తండ్రి పోతే బాబాయి ఇంట్లో పెరిగాడు. ఒళ్లు వంచి పనిచేసే మనిషి. కార్లు కడిగే పనితో మొదలుపెట్టి డ్రైవింగ్ నేర్చుకుని ఒక వ్యాపారి దగ్గర చేరాడు. ఒకసారి కారును సర్వీసుకు ఇచ్చి తెస్తే, కొత్త బ్యాటరీ పోయి దాని చోట పాతది వచ్చింది. గ్యారేజీ వాళ్లు మాకేం తెలీదన్నారు. బ్యాటరీ అమ్ముకున్నది డ్రైవరేనని యజమాని తేల్చాడు. మా బావ ఎంత మొత్తుకున్నా వినలేదు, పనిలోంచి తీసేశాడు. ఆ రోజు నుంచి గ్యారేజీల్లో ఎవడు స్పానర్ పట్టుకున్నా ఆయన కళ్లు ఆ చేతినే కాపలా కాసేవి.

తర్వాత ఒక డాక్టరు గారు పనిలో పెట్టుకున్నారు. ఆయన ప్రాక్టీసు మానేసినప్పుడు ఆ కారే మా బావకు ఇచ్చేశారు. అప్పటికే అది పాతది. డాష్‌బోర్డులో కంపెనీ బిగించి ఇచ్చిన రేడియో, రెండు వైపులా రెండు నాబ్‌లు, మధ్యలో గాజు వెనక ముల్లు. మా బావ దాన్ని ఎప్పుడూ ఒకే స్టేషన్‌లో ఉంచి, స్టాండులో బేరం కోసం కూర్చున్నంతసేపూ వార్తలు వినేవాడు. తోటి డ్రైవర్లు పాత సెట్లు పీకేసి కొత్తవి పెట్టుకున్నా ఆయన మాత్రం మార్చలేదు. "కారులో కంపెనీ బిగించింది బిగించినట్టు ఉన్నది ఇదొక్కటే" అని చెప్పుకునేవాడు.

ఆ రేడియోకు జబ్బు చేసింది. పెట్టిన కాసేపు పలికి, వేడెక్కగానే మూగబోయేది. చాలాకాలం ఓర్చుకుని, చివరికి తానే డాష్‌బోర్డు నుంచి ఊడదీసి, తువ్వాలులో చుట్టి, చంటిపిల్లను తెచ్చినట్టు నా షాపుకు తెచ్చాడు.

నా షాపులో ఒక కట్టుబాటు ఉంది. బల్లకు ఇవతల నేను, అవతల జనం. విప్పిన సెట్టు ముందు ఎవరినీ కూర్చోనివ్వను. ఒక స్ప్రింగు కింద పడిందంటే పదిమంది కాళ్లు వెతుకుతాయి, పదకొండోవాడి చెప్పు కింద దొరుకుతుంది. మా బావ లోపలికి వచ్చి కూర్చుంటానన్నాడు, నేను కుదరదన్నాను. ఆయన కళ్లు చిన్నవయ్యాయి.

నాకూ అనుమానం రాకపోలేదు. కంపెనీ వాళ్లు మూత బిగించాక ఒక స్క్రూ తల మీద ఎర్ర లక్క చుక్క పెడతారు. మూత తీస్తే చుక్క చిట్లుతుంది. ఈ చుక్క చిట్లి ఉంది, అదీ కొత్త చిట్లు. ఇంతకుముందు దీన్ని ఎవరు విప్పారని అడిగాను. ఎవరూ విప్పలేదు, వచ్చింది వచ్చినట్టే ఉందని ఆయన కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. చెబుతూ నా వైపు చూడలేదు, గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు.

ఆయన వెళ్లాక విప్పాను. జబ్బు చిన్నదే. ఒకచోట టంకం వదిలింది, వేడికి ఎడమవుతోంది. మళ్లీ అతికించాను. కానీ లోపల చాలాచోట్ల చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపించాయి. కంపెనీ పెట్టే రంగు కాదది. వేరే ఎవడో చెయ్యి పెట్టాడు, ఆ తప్పు బావ నా నెత్తిన రుద్దడానికి చూస్తున్నాడు అనుకున్నాను. పైగా స్టేషన్ మార్చబోతే నాబ్ జారిపోతోంది, ముల్లు మాత్రం ఉన్నచోటు నుంచి కదలడం లేదు.

సరిగ్గా అప్పుడే బావ వచ్చాడు. బల్ల మీదుగా చెయ్యి చాపి నాబ్ తిప్పి చూశాడు. ఒక్క మాటా అనలేదు. తాళంచెవులు గలగలమనిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మాట స్టాండులో అన్నాడు. ఒక జబ్బుతో ఇస్తే రెండు జబ్బులు చేశాడు, లోపల అసలు సరుకు లాగేసి నకిలీది పెట్టాడు, సొంత చెల్లెలి మొగుడికే ఇలా చేసినవాడు మిగతావాళ్లకు ఏం చేసి ఉంటాడో, అని. సాయంత్రానికి ఒక వ్యాను డ్రైవరు వచ్చి, బాగుచేయకపోయినా ఫర్వాలేదు, నా రేడియో నాకిచ్చెయ్ అన్నాడు. వాడు తీసుకెళ్తూ మూత స్క్రూలు లెక్కపెట్టుకున్నాడు. ఇన్నేళ్లు కూడబెట్టుకున్న పేరు ఒక్క పూటలో బజారున పడుతోందని నాకు అర్థమైంది.

మర్నాడు భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. నాబ్ తిప్పితే కాయిల్ గొట్టాల్లోకి నల్లటి సన్నని కడ్డీలు వెళ్లి వస్తుంటాయి, స్టేషన్ మారేది అందుకే. ఒక గొట్టం మూతి దగ్గర ఎర్ర చుక్క కారి, కడ్డీకీ గొట్టానికీ మధ్య గడ్డకట్టింది. గోటితో గీరి వాసన చూశాను. గోళ్ల రంగు.

అప్పుడు వెలిగింది. చుక్కలు పెట్టింది బావే. నేను వస్తువులు మారిస్తే పట్టుకోవడానికి గుర్తులు. అయితే వెంటనే ఇంకో సంగతీ తట్టింది. కడ్డీ కదలాలంటే ఆ రంగు తుడవాలి. తుడిస్తే గుర్తు పోతుంది. గుర్తు పోయిందంటే నేను మార్చానని ఆయనకు సాక్ష్యం దొరికినట్టే. తుడిస్తే దొంగను, తుడవకపోతే చేతకానివాణ్ణి.

చెల్లెలికి కబురు పెట్టి, మీ ఇంట్లో గోళ్ల రంగు ఎవరిదని అడిగించాను. కబురుకు బదులు మనిషే వచ్చింది, మొగుణ్ణి వెంటబెట్టుకుని.

"అన్నయ్యా, కోడలు ఆ సీసా కోసం ఇల్లంతా వెతికింది. పక్కింటి పిల్ల మీద కూడా అనుమానపడింది. చివరికి ఈయన చొక్కా జేబులో కనిపించింది, ఇవ్వమంటే ఇవ్వడు. ఈ వయసులో గోళ్లకు రంగేమిటండీ అంటే ఉలకడు, పలకడు."

బావ క్యాలెండర్ వైపు చూస్తున్నాడు.

నేను ఎన్నడూ చేయని పని చేశాను. బల్ల పక్కన అడ్డుచెక్క ఎత్తి, "లోపలికి రా బావా" అన్నాను. వచ్చి స్టూలు అంచున కూర్చున్నాడు. భూతద్దం ఇచ్చి ఆ చుక్క చూపించాను. దూదిని థిన్నర్‌లో ముంచి ఆయన చేతికిచ్చాను.

"నీ గుర్తు నువ్వే తుడువు. నేను ముట్టుకోను."

"ఇందులో ఏదో మతలబు ఉంది" అన్నాడు. చెల్లెలు నవ్వింది.

"ఉంటే నీ చేతిలోనే ఉంది. అది సరే గానీ, ఆ బ్యాటరీ నువ్వే అమ్ముకున్నావని నీ యజమాని అన్నప్పుడు నీకెలా ఉంది?"

చెల్లెలు నవ్వు ఆపేసింది.

"అన్నం సయించలేదు" అన్నాడు.

"నాకు నిన్నటి నుంచీ అలాగే ఉంది."

బావ వంగి, ఊపిరి బిగబట్టి, కొద్దికొద్దిగా తుడిచాడు. దూది ఎర్రబడింది. నాబ్ తిప్పమన్నాను. ముల్లు గాజు వెనక మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. ఏదో స్టేషన్‌లో పాట, ఇంకోచోట గరగర, ఆ తర్వాత వార్తలు. ఆయన చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"ఇవి ఇవాళ్టి వార్తలేనా?" అన్నాడు.

"పిచ్చి ముదిరింది" అంది మా చెల్లెలు.

మూత బిగించాక కంపెనీ చుక్క చిట్లిన స్క్రూను చూపించాను. కారు తయారైనప్పటి నుంచి ఎవరూ చెయ్యి పెట్టని రేడియోను మొట్టమొదట విప్పింది ఎవరో తెలుసా బావా అన్నాను. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. గుర్తు పెట్టాల్సిన చోటు లోపల కాదు, ఇదిగో ఇక్కడ అని, ఆ సీసా ఇమ్మన్నాను. అది ఇంకా ఆయన జేబులోనే ఉంది. స్క్రూ తల మీద ఒక చుక్క పెట్టాను. ఆరేదాకా ఇద్దరం దాని వైపే చూస్తూ కూర్చున్నాం.

ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు. స్టాండుకు వెళ్లి, ఆ వ్యాను డ్రైవరును చెయ్యి పట్టుకుని, రేడియోతో సహా నా షాపుకు లాక్కొచ్చాడు. "నేను దగ్గర కూర్చుని చూశాను. నువ్వు ఇచ్చి వెళ్లు" అన్నాడు వాడితో. వాడు ఒకసారి ఆయన నడుముకున్న తాళంచెవుల వైపు చూసి, సెట్టు బల్ల మీద పెట్టాడు. తాళాలాయనే చెప్పాక ఇక ఎవడు అడుగుతాడు?

అప్పటి నుంచి నా షాపు నుంచి వెళ్లే ప్రతి సెట్టు స్క్రూ మీద ఆ రంగు చుక్క ఉంటుంది. సీసా అయిపోతే మా చెల్లెలి కోడలే కొత్తది కొని పంపుతుంది. బావ వారానికోసారి రేడియోను ఊడదీసి తువ్వాలులో చుట్టుకొచ్చి, అడ్డుచెక్క బయటే నిలబడి తన రేడియో చుక్కను, నా సీసాలో రంగును పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు. కిందటిసారి వచ్చినప్పుడు, రంగు కాస్త ముదురుగా ఉందేమిటని అడిగాడు.