భూతద్దం కింద ముర్రుపాలు

చోడవరం ఆరోగ్యకేంద్రంలో చాలాకాలం పనిచేసిన మా నర్సమ్మగారు కిందటి వారం పోయారు. బెల్లం అమ్మడానికి చోడవరం వెళ్ళొచ్చిన మా ఆయన చెప్పారు. ఆ పూట నాకు వేరే పని తోచలేదు.

మాది చీడికాడ దగ్గర పల్లె. నా మొదటి బిడ్డ ఇంట్లోనే పుట్టాడు. మా అత్త ఆనవాయితీ ప్రకారం మూడు రోజులు నా ముర్రుపాలు పిండి గోడవార పోసి, వాడికి ఆముదం, బెల్లంనీళ్లు పట్టింది. రెండో నెలలో జలుబు చేసి, డొక్కలెగరేసి పోయాడు. ఆ పాలు లేకే పోయాడని నర్సమ్మగారు ఎన్నడూ అనలేదు. రెండో కాన్పు మాత్రం, "నా కళ్లముందే అవ్వాల" అన్నారు.

అరవయ్యో దశకం చివర, చెరకు గానుగలాడే రోజుల్లో, ఆరోగ్యకేంద్రంలో ఆవిడ చేతుల్లోనే పాప పుట్టింది. ముర్రుపాలు పిండి పారబొయ్యడానికి మా అత్త అక్కడికీ గిన్నె పట్టుకొచ్చింది.

"పచ్చగా సీములాగున్నాయి. ఇవి ఈ పసిగుంటకి పడతావేటి, నర్సమ్మా?"

"గేదె ఈనితే జున్ను వండుకుని లొట్టలేస్తావు. కోడలి పాలు సీమా? దూడకున్న తెలివి నీకు లేదేటి?"

అత్త గిన్నె దించలేదు. నర్సమ్మగారు ఒక చుక్క గాజుపలక మీద వేసి, మలేరియా రక్తం చూసే మైక్రోస్కోపు దగ్గరికి ఆమెను చెయ్యిపట్టి తీసుకెళ్లారు.

"ఒక కన్ను మూసి సూడు. సిన్న బుడగలు వెన్న. పెద్దవున్నాయే, అవి పేణమున్నవి. రోగాన్ని మింగీసే కాపలావోళ్లు."

అత్త చాలాసేపు వంగే ఉంది.

"ఇన్నున్నాయేటే తల్లీ! ఇయన్నీ గోడకి పోసీసేనా?"

నెల తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ దగ్గు. నాకు జ్వరం. పాప ముక్కు పట్టేసింది. నా జబ్బు అంటుతుందని పాలు మానేయబోతే, కబురందుకుని వచ్చిన నర్సమ్మగారు ఆపారు.

"మానకే. మూతికి గుడ్డ కట్టుకుని ఇయ్యి. నీకొచ్చిన పాత రోగాలికి మందు, పాప కడుపులో ఉండగానే కొంత ఇచ్చీసేవు. కొన్నాళ్లకి అది అరిగిపోద్ది. ఇప్పుడొచ్చిన రోగానికి నీ ఒంట్లో కొత్తది తయారవుతంది, పాలలోకి దిగుతంది. డొక్కలెగిరితే మాత్రం పెద్దాసుపత్రికి ఎల్లిపోదాం."

నేను తాగింది ఉత్త గంజి. నాకు తెలియకుండా నా ఒళ్లు ఇంత పని చేస్తోందా అనుకుంటూ, మూతికి గుడ్డ కట్టుకుని పాపను ఒళ్లోకి తీసుకున్నాను.

డ్యూటీ అయ్యాక మూడు రోజులు ఆవిడ బస్సెక్కి వచ్చారు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోనిదే పాపను తాకేవారు కాదు. మూడో సాయంత్రం పాప ముక్కుతో గురగురమంటూనే ఆగకుండా తాగింది. గుమ్మంలో నిలబడ్డ అత్త పెదవులు కూడా గుక్క గుక్కకీ కదిలాయి. పాప డొక్కలు ఎగరడం లేదు. ఛాతీ మీద వేసిన నర్సమ్మగారి అరచెయ్యి పాప ఊపిరితోపాటు నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది.