చుట్టు లేని వైరు

అన్న పోయి పంతొమ్మిది రోజులైంది. కరెంటు పని చేసే చిన్న మేస్త్రికి ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ మనదో కాదో తెలియనట్టు ఉంటుంది చూడండి, మనిషి నిలువునా అలా ఉన్నాడు. తిండి పెడితే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. గడ్డం గీసుకుంటూ తెగినా రక్తం చొక్కా మీద పడేదాకా తెలిసేది కాదు.

గురువారం పొద్దున ఐసు ఫ్యాక్టరీ మేనేజరు ఎదుట కూర్చున్నప్పుడూ అలాగే ఉన్నాడు.

"పోయినవాళ్లను అనకూడదు గానీ, వైరింగు మీ అన్నగారిది," అన్నాడు మేనేజరు. "సాయంత్రంలోగా తప్పెక్కడుందో చూపించండి. లేదంటే రేపు జనరేటరు కంపెనీ వాళ్లొచ్చి ప్యానెల్ మొత్తం పీకేస్తారు."

"చూస్తానండీ."

ఆ ప్యానెల్ పెద్ద మేస్త్రి చేతిపని. రెండు జనరేటర్లను జతచేసి నడపడానికి ఇరవై రెండేళ్ల కిందట కట్టాడు. ఇన్నాళ్లలో దాన్ని ఒక్క మాట అన్నవాళ్లు లేరు. మొన్న మంగళవారం ఎండ ముదిరి ఒక్క ఇంజను చాలక రెండోదాన్ని కలపబోతే, బ్రేకరు వేసీ వేయగానే పెద్ద పేలుడు. ఇంజను బోల్టుల మీద ఎగిరిపడింది. బ్రేకరు ట్రిప్పయింది.

ఇంజను గదిలో ఆపరేటరు కాచుకుని ఉన్నాడు. నోరు మూయడు కాబట్టి అందరూ అతన్ని రేడియో అంటారు.

"నా తప్పు ఇసుమంత లేదన్నా. సూది పన్నెండు మీదకొచ్చాకే వేశాను. మా ఆవిడ మీద ఒట్టు."

"ఆవిడ మీదెందుకు, నీ మీద వేసుకో."

"నేను పోతే ఈ ఇంజన్లు ఎవరు చూస్తారు?"

చిన్న మేస్త్రి నవ్వలేదు. అన్న ఉంటే నవ్వేవాడని మాత్రం గుర్తొచ్చింది.

రెండు జనరేటర్లను కలపడమంటే కదులుతున్న బండిలోంచి పక్కనే కదులుతున్న బండిలోకి అడుగేయడం. వేగం ఒక్కటై, గుమ్మానికి గుమ్మం ఎదురైనప్పుడే వేయాలి. ఎదురైందో లేదో చెప్పేది ప్యానెల్ మీది గడియారం లాంటి సింక్రో మీటరు. సూది పన్నెండు మీదకొస్తే రెండూ కలిసినట్టే.

చిన్న మేస్త్రి మొదట బ్రేకరు విప్పి చూశాడు. మొనలు కాస్త నల్లబడ్డాయి గానీ బాగానే ఉన్నాయి. పెద్ద కేబుళ్ల బిగింపులు చూశాడు. మూడు ఫేజులూ వరుసలో వస్తున్నాయో లేదో మీటరు పెట్టి చూశాడు. అటూ ఇటూ వరుస సరిగ్గానే ఉంది. మధ్యాహ్నమైంది. వదిన ఫోను చేసింది.

"రేపు పీకేస్తారంటగా. రేడియో చెప్పాడు."

"ఇంకా చూస్తున్నా వదినా."

"తప్పు ఆయనదే అయితే నాకు నువ్వే చెప్పు. ఆ మేనేజరు నోటి వెంట వినలేను."

"సరే."

ఫోను జేబులో పెట్టుకుని, అన్న పాత పెట్టెలోంచి చెక్కపలక తీశాడు. దాని మీద ఆరు బల్బులు, రెండేసి చొప్పున మూడు జంటలు. బ్రేకరు తెరిచి ఉంచి, ఒక్కో ఫేజుకు అటు కొస నుంచి ఇటు కొసకు ఒక్కో జంట తగిలించాడు. కరెంటు రెండు వైపులా కలిసినప్పుడు బల్బులు ఆరిపోవాలి. మీటరును నమ్మకు, బల్బుకు అబద్ధం రాదు అనేవాడు అన్న.

రెండు ఇంజన్లూ తిరిగాయి. సూది మెల్లగా వచ్చి పన్నెండు మీద నిలిచింది. ఆరు బల్బులూ భగభగా వెలుగుతున్నాయి.

"సూది కలిసిందంటోంది, బల్బులు కలవలేదంటున్నాయి," అన్నాడు రేడియో. "మా ఇంట్లో అత్తా కోడళ్ల లాగా."

కేబుళ్లు మంచివే. మీటరుకు వెళ్లే సన్న వైర్లలో ఉంది సంగతి. ఇంజన్లు ఆపించి, ప్యానెల్ వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు.

వైర్లన్నీ నలుపే. పెద్ద మేస్త్రికి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపించేవి. అందుకని ఒకే రంగు కొని, కొసలకు దారం చుట్టి గుర్తు పెట్టుకునేవాడు. మొదటి వైరుకు ఏమీ ఉండదు. రెండోదానికి ఒక చుట్టు, మూడోదానికి రెండు. దీని మీద అన్నదమ్ములిద్దరూ ఇరవై ఏళ్లు కొట్టుకున్నారు.

"ఒక చుట్టంటే ఒకటో వైరు కావాలి కదన్నా. లోకమంతా అంతే."

"ముందు నిలబడ్డవాడికి గుర్తెందుకురా? వెనకవాళ్లకి పెట్టు."

చిన్న మేస్త్రి టార్చి వేశాడు. రెండో ఇంజను వైపు, ఒక చుట్టు వైరు ఒకటో స్క్రూ కింద ఉంది. రెండు చుట్లది రెండో దాని కింద. చుట్టు లేనిది మూడో చోట. మూడూ కలిసి ఒక్కో స్థానం జరిగాయి. వరుస చెడలేదు కాబట్టి వరుస చూసే మీటరుకూ దొరకలేదు.

ఆ వైర్లు బిగించిన స్క్రూల పట్టీ కొత్తది.

"ఇదెవరు మార్చారు?"

రేడియో మొదటిసారి మాట కోసం తడుముకున్నాడు. "నువ్వే కదన్నా. పెద్దాయన పోయిన నాలుగో రోజు. తుప్పు పట్టి విరిగిందని నేనే ఫోను చేశాను. వచ్చావు, మార్చావు, టీ కూడా తాగకుండా వెళ్లిపోయావు."

ఎంత తవ్వుకున్నా ఆ రోజు గుర్తు రాలేదు. చేతులు మాత్రం పని చేసుకుపోయాయి. వాదించడానికి అన్న లేడు కదా, ఇరవై ఏళ్లుగా తను అనుకున్నట్టే బిగించాయి.

వేళ్లు చాలాసేపు ఆ స్క్రూల మీదే ఉండిపోయాయి. తర్వాత విప్పి, చుట్టు లేని వైరును మొదటి చోట పెట్టాడు.

మళ్లీ ఇంజన్లు తిరిగాయి. సూది పన్నెండుకొచ్చింది. బల్బులు మసకబారి, ఆరిపోయాయి. పలక తీసేసి, ఇంకోసారి సూది నిలిచాక బ్రేకరు తనే వేశాడు. బీరువా తలుపు పడ్డంత చప్పుడైంది, అంతే. రెండు ఇంజన్లూ ఒకే గొంతుతో నడిచాయి.

మేనేజరు వచ్చి విన్నాడు. "ఇంతకీ మీ అన్నగారు చేసిన పొరపాటు ఏమిటి?"

"ఆయన చేయలేదండీ. నేను చేశాను. పదిహేను రోజుల కిందట, ఈ చేత్తోనే. బ్రేకరు మొనలు మార్చే ఖర్చు నాది. ప్యానెల్ పీకకండి."

"కంపెనీ వాళ్లకు రావద్దని చెప్తాను," అని మేనేజరు వెళ్లిపోయాడు.

చిన్న మేస్త్రి వదినకు ఫోను చేశాడు. "దొరికింది వదినా. అన్నది కాదు, నాది."

"నిజమేనా? నా కోసం మీదేసుకోవడం లేదుగా?"

"లేదు. దారం చుట్ల గొడవే."

"ఇంకా అయిపోలేదా మీకది?"

"అయిపోయింది," అన్నాడు.

రేడియో దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని, ప్యానెల్ తలుపు లోపలివైపు పెద్ద అక్షరాలతో రాశాడు: చుట్టు లేనిది మొదటిది. రాశాక చూసుకుంటే చూపుడు వేలు స్క్రూ అంచుకు తెగి ఉంది. ఎప్పుడు తెగిందో తెలియదు గానీ, ఇప్పుడు మండుతోంది.